పాత రైఫిల్‌కి ఏ సైటు పెట్టుకోవాలి: గాడి సైటా, పీప్ సైటా, డయాప్టరా?

నెల్లూరు, ఒంగోలు వైపు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో బీరువా వెనకో అటక మీదో ఒక పాత ఎయిర్ రైఫిల్ ఉంటుంది. పెద్దవాళ్లు ఎప్పుడో కొన్న డయానా 35 కావచ్చు, బీఎస్ఏ కావచ్చు, మన దేశంలోనే తయారైన ఐహెచ్‌పి కావచ్చు. సెలవులకి పిల్లలు వస్తే దాన్ని కిందికి దించుతారు, గోడకి కాగితం అంటించి నాలుగు పెల్లెట్లు కొడతారు, ఒకటి ఆ మూల ఒకటి ఈ మూల పడతాయి, ఇక అక్కడి నుంచి మొదలవుతుంది సైటు మీద, అంటే గురి చూసుకునే అమరిక మీద, చర్చ. పీప్ సైటు బిగిస్తే బాగుపడుతుందా, ఉన్న సైటునే సర్దుకుంటే సరిపోతుందా, ఖర్చుకి వెనకాడకుండా పోటీల్లో వాడే మ్యాచ్ డయాప్టరే తెప్పించేద్దామా అని. నా జవాబు ముందే చెప్పేస్తాను: మొదట బారెల్ ఎంత గట్టిగా కూర్చుంటోందో చూడండి, తర్వాత మీ కళ్ల సంగతి చూసుకోండి, సైటు ధర ఆఖర్న అడగండి. చాలామంది ఈ వరసని తలకిందులు చేస్తున్నారు, సైటు కొన్నాక రైఫిల్ సంగతి చూస్తున్నారు, అందుకే డబ్బు పోయినా గ్రూపు, అంటే పెల్లెట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడుతున్నాయన్నది, మాత్రం మారడం లేదు.

అసలు తేడా ఎక్కడుందో చూద్దాం. గాడి సైటులో వెనక ఒక గాడి, ముందు ఒక పుల్లో పూసో ఉంటాయి. గురి పెట్టేటప్పుడు కన్ను మూడు దూరాలని ఒకేసారి చూడాల్సి వస్తుంది: మూరెడు దూరంలో గాడి, చెయ్యి చాపినంత దూరంలో ముందు పుల్ల, పది మీటర్ల అవతల టార్గెట్. కన్ను ఒక సమయంలో ఒక్క దూరానికే స్పష్టంగా నిలబడుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి కన్ను చకచకా మార్చుకుంటూ నెట్టుకొస్తుంది గానీ, నలభై దాటి చత్వారం వచ్చిన కంటికి గాడి అంచులు మసకబారిపోతాయి, పుల్ల గాడికి సరిగ్గా మధ్యలో ఉందో లేదో తేల్చుకోలేక చెయ్యి వణకడం మొదలవుతుంది. పీప్ సైటులో ఆ గాడి ఉండదు, దాని బదులు కంటికి దగ్గరగా ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని చూడకూడదు, అందులోంచి చూడాలి. రంధ్రం మధ్యలో వెలుగు ఎక్కువ కాబట్టి కన్ను తనంతట తానే ముందు సైటుని మధ్యకి తెచ్చుకుంటుంది, మనం ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు. పైగా రంధ్రం చిన్నదయ్యే కొద్దీ దగ్గరిదీ దూరందీ రెండూ తేటగా కనబడే పరిధి పెరుగుతుంది. అందుకే పీప్ సైటుతో ముందు సైటు పదునుగా, టార్గెట్ కొద్దిగా మెత్తగా ఉన్నా సరిపోతుంది, ఫోకస్ ఎప్పుడూ ముందు సైటు మీదే పెట్టుకోవాలి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచినా, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు తెచ్చినా, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్లలో పతకం కొట్టినా, వాళ్ల రైఫిల్ మీద ఉన్నది ఈ రంధ్రం సైటే, దుర్భిణి కాదు.

సైన్యాలు కూడా ఇదే తూకం వేసుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి లీ-ఎన్‌ఫీల్డ్ నెంబర్ 1 మార్క్ 3 మీద వెనక సైటు బారెల్ మీద ఉండేది, గాడి రకం. తర్వాత వచ్చిన నెంబర్ 4లో దాన్ని బాగా వెనక్కి జరిపి, కంటికి దగ్గరగా, రంధ్రం రకం చేశారు. అందులోనూ రెండు వచ్చాయి, స్క్రూ తిప్పి కొద్దికొద్దిగా ఎత్తుకునేది ఒకటి, యుద్ధం తొందరలో 300, 600 గజాలకి రెండే రంధ్రాలతో అటూ ఇటూ మడిచేది ఇంకొకటి. ఆ రైఫిళ్ల బోరు, అంటే గొట్టం లోపలి కొలత, మామూలు లైసెన్సు మీద మనకి వచ్చేది కాదు గానీ, మన ఎంపిక కూడా సరిగ్గా ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది: మోటు సైటు చాలా, సన్నంగా తిరిగేది కావాలా.

ఇక పైసా ఖర్చు లేకుండా ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దీన్ని ఎవరూ చేయరు, నాకు అదే బాధ. పల్చటి రేకు ముక్కకో గట్టి నల్ల అట్టకో 1.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుతో శుభ్రంగా రంధ్రం పెట్టండి, సూదితో పొడిస్తే అంచు చిరిగిపోయి ఫలితం తప్పు చూపిస్తుంది. ఆ ముక్కని మీ కళ్లద్దాల మీద, రైఫిల్‌కి చెంప ఆనించినప్పుడు చూపు పోయే చోట, నల్ల టేపుతో అంటించండి. ఆ చోటు అద్దం మధ్యలో ఉండదు, ముక్కు వైపు కొద్దిగా పైన ఉంటుంది. పెల్లెట్ లేని రైఫిల్‌ని, స్ప్రింగు ఎక్కించకుండా, టార్గెట్‌కి గురి పెట్టి చూడండి. ఉన్న గాడి, పుల్ల ఒక్కసారిగా తేటపడితే మీ సమస్య కంటిది, రంధ్రం సైటు మీకు కచ్చితంగా పనికొస్తుంది. ఏమీ తేడా కనబడకపోతే మీ కళ్లు ఇంకా గాడి సైటుకి సరిపోతున్నాయని అర్థం, అప్పుడు తప్పు రైఫిల్‌లోనో పట్టులోనో వెతకాలి. కొందరికి ఈ రేకు ముక్కతోనే పని అయిపోతుంది, మళ్లీ సైటు కొనే అవసరమే రాదు. ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త, తల వంచినప్పుడు చూపు అద్దంలో ఏ పవర్ ఉన్న చోటు గుండా పోతోందో తెలియదు. దూరం చూపు పవర్‌కి అర ప్లస్ కలిపిన ఒకే పవర్ అద్దం ఒకటి షూటింగ్‌కి విడిగా చేయించుకుంటే హాయిగా ఉంటుంది.

కళ్ల సంగతి అయింది, రైఫిల్ సంగతి చూద్దాం. ఇక్కడే అసలు కిటుకు ఉంది. మన ఇళ్లలో ఉన్న పాత ఎయిర్ రైఫిళ్లలో ఎక్కువ భాగం బారెల్ విరిచి ఎక్కించే రకం, అంటే బారెల్‌ని మడత పెట్టినట్టు కిందికి వంచితే స్ప్రింగు ఎక్కేవి. వాటి మీద గాడి సైటు, ముందు సైటు రెండూ బారెల్ మీదే ఉంటాయి కాబట్టి, విరిచిన బారెల్ మళ్లీ మూసినప్పుడు వెంట్రుకవాసి ఎత్తులో కూర్చున్నా పల్లంలో కూర్చున్నా సైట్లు రెండూ దాంతోపాటే కదులుతాయి, గురి పెద్దగా చెడదు. పీప్ సైటు మాత్రం వెనక సిలిండర్ మీద బిగుస్తుంది, ముందు సైటు బారెల్ మీదే ఉంటుంది. అంటే బారెల్ ప్రతిసారీ ఒకే చోట కూర్చోకపోతే మీరు ఎంత ఖరీదైన పీప్ పెట్టినా పెల్లెట్లు నిలువుగా ఒక గీతలా పడతాయి. గాడి సైటుతో చిన్నగా వచ్చే గ్రూపు పీప్ సైటుతో పొడుగ్గా సాగితే అనుమానం అక్కర్లేదు, లోపం బారెల్ తాళంలోనే, అంటే మూసిన బారెల్‌ని పట్టి ఉంచే చోటే ఉంది. బీఎస్ఏ ఎయిర్‌స్పోర్టర్ లాంటి కింద లివరు ఉన్న స్థిర బారెల్ రకానికీ, ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ లాంటి పక్క లివరు మ్యాచ్ రైఫిల్‌కీ ఈ బెడద లేదు. వాల్తర్ ఎల్‌జీవీ, వైరాక్ హెచ్‌డబ్ల్యూ 55 బారెల్ విరిచే రకమే అయినా, మ్యాచ్ కోసమే చేశారు కాబట్టి బారెల్‌కి విడిగా గట్టి తాళం పెట్టారు.

కందుకూరులో మా మేనబావ దగ్గర ఇలాంటిదే ఒక పాత రైఫిల్ ఉంది. "సైటు మార్చెయ్యి బావా, ఇక దీనికి వేరే మందు లేదు" అని పీప్ సైటు డబ్బా చేతిలో పెట్టాడు. డబ్బా పక్కన పెట్టి, రైఫిల్‌ని ఒళ్లో పెట్టుకుని, బారెల్ కొసని బొటనవేలితో పక్కకి నొక్కాను. టక్ మని చిన్న చప్పుడు. మళ్లీ అటు నొక్కితే మళ్లీ టక్. చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినబడనంత చిన్న చప్పుడు, కంటికి కదలిక కనబడను కూడా కనబడదు. బారెల్ మడత పడే చోట ఉండే పివోట్ బోల్టు ఊడదీస్తే లోపల వాషరు ఒకవైపు అరిగి కాగితంలా పల్చబడి ఉంది. నెల్లూరు ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రీ చేత అదే కొలతకి కొత్త వాషరు చేయించి, పలచగా గ్రీజు పూసి, బోల్టు బిగించి, అది మళ్లీ వదులు కాకుండా చిన్న లాక్ స్క్రూ వేసి చూస్తే పాత గాడి సైటుతోనే గ్రూపు దగ్గరపడింది. పీప్ సైటు ఆ తర్వాతే బిగించాం, అప్పుడు దానికి అర్థం వచ్చింది. "ఇన్నాళ్లూ సైటుని తిట్టుకున్నానే" అన్నాడు బావ.

ఇప్పుడు ఒక్కొక్కటి తూచి చూద్దాం.

గాడి సైటు ఉంచుకోవడమే మేలు అయ్యే వాళ్లు చాలామంది ఉన్నారు. కళ్లు బాగున్నాయి, బారెల్ విరిచే రకం, దాని తాళం ఓ మోస్తరుగా ఉంది, ఏడాదికి రెండుమూడు సార్లు సరదాగా కొడతారు, ఇలాంటివాళ్లు సైటు కొనకండి. ఉన్నదాన్నే శుభ్రం చేయండి. పాత సైట్లలో నల్లరంగు పోయి ఇనుము మెరుస్తుంటుంది, ఎండ ఏ పక్క నుంచి పడితే ఆ పక్క అంచు వెలిగి పుల్ల జరిగినట్టు కనబడుతుంది, గురి ఆ మేరకి తప్పుతుంది. కర్పూరం వెలిగించి ఆ పొగ మీద సైటు పట్టండి, నున్నటి నల్ల మసి పడుతుంది, మెరుపు పోతుంది. రైఫిల్ తూటాల వాళ్లయినా మ్యాచ్‌ల వాళ్లయినా సైట్లకి మసి పట్టించడం ఎప్పటి నుంచో ఉన్నదే, మన ఇంట్లో దానికి కర్పూరం కంటే మంచిది లేదు. తాకితే చెరిగిపోతుంది, మళ్లీ పట్టించుకోవడమే. గాడి సైటు బలహీనత ఏమిటంటే సైట్ల మధ్య దూరం తక్కువ. గాడికీ పుల్లకీ మధ్య 40 సెంటీమీటర్లు ఉందనుకోండి, మీరు పుల్లని గాడిలో పదోవంతు మిల్లీమీటరు పక్కకి పట్టుకుంటే, అంటే ఒక ఏ4 కాగితం మందం అంత, పది మీటర్ల దగ్గర పెల్లెట్ 2.5 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద అది సరిగ్గా ఒక రింగు. అదే రైఫిల్‌కి పీప్ సైటుని వెనక కొసకి బిగిస్తే మధ్య దూరం 65 సెంటీమీటర్లు అవుతుంది, అదే కాగితం మందం పొరపాటుకి 1.5 మిల్లీమీటర్లే నష్టం. రంధ్రం మధ్యలోకి పుల్లని కన్నే తెచ్చుకుంటుంది కాబట్టి ఆ పొరపాటు జరగడం కూడా తగ్గుతుంది.

మామూలు పీప్ సైటు, అంటే స్క్రూ వదులు చేసి పైకీ కిందికీ పక్కలకీ జరిపి మళ్లీ బిగించే రకం, నా లెక్కలో పాత ఎయిర్ రైఫిల్‌కి అందరికంటే ఎక్కువమందికి సరిపోయేది ఇదే. తాళం గట్టిగా ఉండి, చత్వారం వచ్చి, ఒకే దూరానికి, పది మీటర్లకే కొట్టేవాళ్లకి అంతకు మించి అక్కర్లేదు, ఎందుకంటే ఒకసారి సర్దుకున్నాక మళ్లీ దాన్ని ముట్టుకునే పనే ఉండదు. అయితే బిగించే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది, రైఫిల్ వెనక భాగం మీద 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాళ్లు ఉన్నాయా. ఉంటే సైటుని వాటికి కరిపించి బిగించేయొచ్చు. లేకపోతే కొందరు మెకానిక్కులు "రెండు రంధ్రాలు వేసేద్దాం సార్" అంటారు, ఒప్పుకోకండి. స్ప్రింగు రైఫిల్‌లో ఆ గొట్టమే గాలి నొక్కే సిలిండర్, పిస్టన్ లోపల రాసుకుంటూ పోయేది అందులోనే, అక్కడ రంధ్రం పడితే గాలి పోతుంది, స్క్రూ మొన లోపలికి పొడుచుకొస్తే పిస్టన్ గీరుకుపోతుంది. పాత రైఫిల్‌కి ఉన్న విలువ కూడా ఆ రంధ్రంతోనే పోతుంది. గాళ్లు లేని రైఫిల్‌ని గాడి సైటుతోనే ఉంచి, కళ్లద్దాల మీద రంధ్రం పద్ధతి వాడుకోండి.

రెండోది ముందు సైటు ఎత్తు. పీప్ సైటు సాధారణంగా పాత గాడి కంటే ఎత్తుగా కూర్చుంటుంది. దాన్ని పూర్తిగా కిందికి దించినా పెల్లెట్లు పైనే పడుతుంటే చేయాల్సింది ముందు సైటుని ఎత్తు చేయడం. వెనక సైటు ఎటు జరిపితే పెల్లెట్ అటే పోతుంది, ముందు సైటు ఎటు జరిపితే పెల్లెట్ దానికి ఎదురు పోతుంది, ఇదొక్కటి బుర్రలో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. పీప్ అట్టడుగున ఉన్నా పది మీటర్ల దగ్గర 20 మిల్లీమీటర్లు పైకి పడుతున్నాయనుకుంటే, 65 సెంటీమీటర్ల సైటు దూరానికి ముందు పుల్ల 1.3 మిల్లీమీటర్లు పెరగాలి. ఆ లెక్క తెలియకుండా అంచనాగా పొడుగు పుల్ల పెట్టి ఆకురాయి తీసుకుని గీకుతూ కూర్చునేవాళ్లని చూశాను. గీకినది మళ్లీ రాదు, కొలిచి చేయించుకోండి.

మ్యాచ్ డయాప్టర్ ఇంకో మెట్టు పైది. ఇది కూడా రంధ్రం సైటే, కాకపోతే నాబ్ తిప్పితే క్లిక్ క్లిక్ మని లెక్కగా జరుగుతుంది, కంటి వైపు రంధ్రం మార్చుకోవచ్చు, వెలుగు పక్కల నుంచి రాకుండా రబ్బరు కప్పు ఉంటుంది. జిల్లా, రాష్ట్ర పోటీలకి వెళ్లాలనుకునే పిల్లలకి, పాత మ్యాచ్ రైఫిల్ ఎక్కడైనా దొరికినవాళ్లకి ఇదే దారి, ఇందులో రాజీ పడొద్దు. మామూలు బారెల్ విరిచే రైఫిల్‌కి మాత్రం దీన్ని పెట్టడం నాకు నచ్చదు. మంచి డయాప్టర్ ధరకి మన దేశంలో తయారైన కొత్త ఎయిర్ రైఫిల్ వచ్చేస్తుంది, పైగా స్ప్రింగు రైఫిల్ పేలేటప్పుడు మొదట వెనక్కి తంతుంది, పిస్టన్ కొసకి వెళ్లి ఆగగానే ముందుకి లాగుతుంది, ఆ అటూ ఇటూ కుదుపుకి సున్నితమైన క్లిక్కులు అరిగిపోతాయి. ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ లాంటి వాటిలో మొత్తం యాక్షన్ పట్టాల మీద జరిగి ఆ కుదుపుని మింగేస్తుంది, అక్కడ డయాప్టర్ పదికాలాలు మన్నుతుంది.

రంధ్రం ఎంత ఉండాలి అన్నది చాలామందిని తికమక పెడుతుంది. వెలుగు బాగున్న చోట 1.0 నుంచి 1.2 మిల్లీమీటర్ల మధ్య మొదలుపెట్టండి. ఇంకా చిన్నది చేస్తే ఇంకా తేటగా కనబడుతుందని అనుకుంటారు, కానీ ఒక హద్దు దాటాక చీకటి పడుతుంది, వెలుగు అంచుల దగ్గర చెదిరి ముందు సైటు చుట్టూ మసక పొర వస్తుంది. షెడ్డులో, సాయంత్రం పూట, మబ్బు పట్టినప్పుడు 1.4, 1.5 దాకా పెంచుకోవాలి. ఒకే రంధ్రం ఉన్న బిళ్లా, తిప్పితే పెరిగే ఐరిసా అంటే, ఒకే గదిలో ఒకే లైటు కింద కొట్టేవాళ్లకి బిళ్ల చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర తుపాను మబ్బులు పట్టి పొద్దున ఒక వెలుగు, మధ్యాహ్నం ఇంకో వెలుగు ఉంటుంది కదా, ఆరుబయట కొట్టేవాళ్లయితే ఐరిస్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు. కంటికీ రంధ్రానికీ మధ్య ఐదు నుంచి పది సెంటీమీటర్లు ఉంచండి, ప్రతిసారీ అంతే ఉంచండి. ఒక మాట గట్టిగా చెప్పాలి, తూటా పేలి బలంగా వెనక్కి తన్నే రైఫిల్ మీద ఇంత దగ్గరగా కన్ను పెట్టకూడదు, కనుబొమ్మ చీలిపోతుంది.

ముందు సైటులో పుల్ల ఉంచాలా, రింగు పెట్టాలా? గుండ్రటి నల్లచుక్క టార్గెట్ అయితే రింగే. పది మీటర్ల టార్గెట్‌లో నల్లభాగం 30.5 మిల్లీమీటర్లు. కంటి నుంచి ముందు సైటు 72 సెంటీమీటర్లు ఉంటే, ఆ నల్లచుక్క ముందు సైటు దగ్గర 2.2 మిల్లీమీటర్ల వెడల్పుగా కనబడుతుంది. దాని చుట్టూ అర మిల్లీమీటరుకి పైగా తెల్లటి వలయం మిగలాలి కాబట్టి రింగు లోపలి కొలత 3.4 నుంచి 3.8 దాకా ఉంటే బాగుంటుంది. బిగుతుగా ఉంటే గురి బాగా కుదురుతుందని సన్న రింగు కొంటారు, చుక్క అంచు రింగుకి తగిలిన ప్రతిసారీ మనసు ఉలిక్కిపడి ట్రిగ్గర్ గుంజేస్తారు. కొత్తవాళ్లకి వెడల్పు రింగే ఇవ్వండి. డబ్బాలూ సీసా మూతలూ కొట్టుకునేవాళ్లకి రింగు పనికిరాదు, పుల్లే ఉంచుకోండి.

సర్దడం దగ్గరికి వద్దాం. ఒక పెల్లెట్ కొట్టడం, అది ఎడమకి పడిందని సైటు తిప్పడం, మళ్లీ కొట్టడం, కుడికి పడిందని మళ్లీ తిప్పడం, ఇలా చేస్తే సాయంత్రం దాకా కొట్టినా సైటు కుదరదు. ఐదు కొట్టండి, ఒకటి తప్పుగా వదిలినట్టు మీకే తెలిస్తే దాన్ని వదిలేయండి, మిగతా వాటి మధ్య బిందువు గుర్తించండి, స్కేలుతో కొలవండి. ఆ బిందువు 12 మిల్లీమీటర్లు కిందికీ 6 ఎడమకీ ఉందనుకుందాం. జరపాల్సింది ఎంతంటే, తప్పిన దూరాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి టార్గెట్ దూరంతో భాగించడమే. 12ని 650తో గుణించి 10,000తో భాగిస్తే 0.78 మిల్లీమీటర్లు పైకి, 6కి అదే లెక్కన 0.39 కుడికి. సర్దే స్క్రూ మర అర మిల్లీమీటరుదైతే, అంటే ఒక చుట్టుకి సైటు అర మిల్లీమీటరు జరిగితే, పైకి ఒకటిన్నర చుట్టు, పక్కకి ముప్పావు చుట్టు. మర ఎంతో తెలియకపోతే పది చుట్లు తిప్పి సైటు ఎంత కదిలిందో వెర్నియర్‌తో కొలిచి పదితో భాగించుకోండి. క్లిక్కుల సైటుకి కూడా ఇదే పద్ధతి, పది క్లిక్కులకి గ్రూపు ఎంత జరిగిందో కాగితం మీద చూసుకుంటే మీ రైఫిల్ మీద ఒక క్లిక్కు విలువ ఎంతో తేలిపోతుంది, కంపెనీ కాగితం అక్కర్లేదు.

పాత సైటు మరల్లో లూజు ఉంటుంది. పైకి తిప్పి ఆపితే ఒకచోట, కిందికి తిప్పి ఆపితే అదే గీత దగ్గర ఇంకోచోట నిలుస్తుంది. అందుకని దించాల్సి వచ్చినప్పుడు కావాల్సిన దానికంటే అర చుట్టు ఎక్కువ దించి, మళ్లీ పైకి తిప్పుతూ వచ్చి ఆపండి, ఎప్పుడూ చివరి తిప్పు ఒకే దిక్కున ఉండాలి. జర్మన్ సైట్ల మీద రోమన్ లిపిలో హెచ్, టి, ఆర్, ఎల్ అని అక్షరాలుంటాయి, హెచ్ అంటే పైకి, టి అంటే కిందికి, ఆర్ అంటే కుడికి, ఎల్ అంటే ఎడమకి. కొన్ని తయారీల్లో ఆ అక్షరం పెల్లెట్ పడిన వైపుని చెబుతుంది, కొన్నింటిలో జరగాల్సిన వైపుని చెబుతుంది, కాబట్టి బాణం గుర్తుని నమ్మి తిప్పేయకుండా ఒకసారి తిప్పి కొట్టి చూసుకుని ఏ వైపుకి ఏమిటో రైఫిల్ కర్ర లోపలి వైపు రాసి పెట్టుకోండి. కుదిరాక కదిలే భాగానికీ కదలని భాగానికీ కలిపి గోళ్లరంగుతో సన్న గీత గీస్తే, ఎవరైనా తిప్పినా, కుదుపుకి జరిగినా ఇట్టే తెలిసిపోతుంది.

స్క్రూలకి సరిపోయే చదును మొన డ్రైవరే వాడండి, ఇంట్లో దొరికిన ఏదో ఒకటి పెట్టి తిప్పితే గాడి చితికిపోతుంది. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి సైటు స్క్రూలు మొదట తుప్పు పడతాయి, కిరసనాయిల్ చుక్క వేసి రాత్రంతా వదిలేసి పొద్దున తిప్పండి. పైన తుడవడానికి కుట్టుమిషను నూనె సరిపోతుంది, కానీ ఆ నూనె సిలిండర్ లోపలికి పోనివ్వొద్దు, గాలి నొక్కుకున్న వేడికి అది భగ్గుమంటుంది, సీలు కాలిపోతుంది.

స్కోపు గురించి రెండే మాటలు. డబ్బాల మీద, వేర్వేరు దూరాలకి కొట్టేవాళ్లకి అది సులువే, కంటి సమస్య కూడా తీరుతుంది. కానీ స్ప్రింగు రైఫిల్ రెండువైపుల కుదుపుని తట్టుకునేలా చేసింది కాకపోతే లోపలి అద్దాలు కదిలిపోతాయి, పది మీటర్లకి ఫోకస్ దిగేది కాకపోతే మసకే మిగులుతుంది, ఒలింపిక్ తరహా రైఫిల్ పోటీల్లో దాన్ని ఒప్పుకోరు. పాత రైఫిల్ రూపం కూడా చెడుతుంది, నాకు అది బాధగానే ఉంటుంది.

ఎక్కడ కొట్టాలి అన్నది సైటు కంటే ముఖ్యం. చీమకుర్తి చుట్టుపక్కల ప్రతి పెరట్లో గ్రానైట్ పలక ముక్కలు పడి ఉంటాయి కదా అని టార్గెట్ వెనక అవి పెడుతున్నారు, దయచేసి పెట్టకండి, రాయి మీద పడిన పెల్లెట్ తిరిగి కంటికే వస్తుంది. చెక్కపెట్టెలో బంకమన్ను గట్టిగా కూరి పెట్టండి, పెల్లెట్ అందులోనే దిగబడిపోతుంది. పొగాకు గ్రేడింగ్ అయిపోయి ఖాళీగా ఉన్న షెడ్డు దొరికితే నీడా ఉంటుంది, గాలీ ఆడదు, సైటు సర్దడానికి అంతకంటే మంచి చోటు లేదు. రోహిణి కార్తె ఎండలో ఆరుబయట సర్దితే చెమటకి చెంప జారిపోయి ప్రతి గురీ వేరుగా ఉంటుంది, ఆ సెట్టింగు డిసెంబరులో పనికిరాదు. పిట్టల మీద మాత్రం ఎప్పుడూ గురి పెట్టకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉంది, చెరువు గట్టున కొంగని కొట్టినా కేసే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు, దాటితే కావాలి. .22, ఇషాపూర్ .315 లాంటి లైసెన్సు తుపాకులకి సైటు పని లైసెన్సు ఉన్న గన్ డీలర్ దగ్గరే చేయించండి, లేత్ షాపుకి పట్టుకెళ్లకండి.

చివరిగా, సెకండ్ హ్యాండ్ పీప్ సైటో డయాప్టరో కొనేటప్పుడు చూడాల్సినది. సైటుని చేత్తో పట్టుకుని కంటివైపు గొట్టాన్ని వేలితో పైకీ పక్కకీ తోయండి, కదిలితే వదిలేయండి. నాబ్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి క్లిక్కులు మధ్యలో ఎక్కడైనా మెత్తగా జారుతున్నాయేమో వినండి, ఎక్కువగా మధ్యభాగమే అరిగి ఉంటుంది, ఎందుకంటే అందరూ తిప్పేది అక్కడే. కింద బిగింపు దవడలు 11 మిల్లీమీటర్ల గాళ్లకి పూర్తి పొడవునా కరుస్తున్నాయో లేదో మీ రైఫిల్ మీదే పెట్టి చూడండి, అమ్మేవాడి బల్ల మీద కాదు. రంధ్రం బిళ్లని వెలుగుకి పెట్టి చూస్తే అంచు నున్నగా గుండ్రంగా ఉండాలి, నొక్కుపడి ఉంటే ఆ బిళ్ల ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది, దాని కోసం మంచి సైటుని వదులుకోవద్దు.